మూడో వంతెన దగ్గర పిలవని పేరు

దయ్యాల్ని నమ్మనని ఎవరితోనూ వాదించాల్సిన అవసరం కూడా నాకెప్పుడూ రాలేదు. అది మాట్లాడుకోదగ్గ సంగతే కాదనుకునేదాన్ని. బోటనీలో డిగ్రీ చేశాను. మా అత్త గుమ్మానికి నిమ్మకాయలు కడితే, ఎండిపోయాక తీసి పారేసే పని నాదే.

ఇది రాయడానికి ఇన్ని నెలలు పట్టింది భయం వల్ల కాదు, సిగ్గు వల్ల. పాప పడుకుంది. కరెంటు లేదు. చార్జింగ్ లైటు ఆరిపోయేలోపు రాసేయాలి.

మేం యాంగోన్‌లో, చిమిండైంగ్ మార్కెట్ వెనక సందులో ఉంటాం. మా ఆయనకి లత అనే పేటలో పప్పుల దుకాణం. ఇంట్లో మేమిద్దరం, అత్త, నాలుగేళ్ళ పాప. ఇక్కడి మన పిల్లలు చాలామందికి ఉన్నట్టే పాపకీ రెండు పేర్లు. బయట బర్మా పేరు సూసూ. ఇంట్లో పైడి. పైడి అంటే మా అత్త తల్లి పేరు. నామకరణం రోజు అత్తే ఆ పేరు పాప చెవిలో చెప్పింది.

నాకు ఆ పేరు నచ్చేది కాదు. ఒకసారి అత్త నర్సరీ గేటు దగ్గర నిలబడి “ఒలే పైడీ, రాయే!” అని కేకేస్తే పిల్లలు ఆ కేకని అనుకరించి నవ్వారు. వాళ్ళ తల్లులూ నవ్వారు. మర్నాటి నుంచి పాపని తీసుకురావడానికి నేనే వెళ్ళాను.

పోయిన చలికాలంలో ఆ తల్లులే కొందరు కలిసి పిల్లలతో ఒక నడక పెట్టుకున్నారు. బగో వైపు, మోన్ రాజుల నాటి కోటగోడ లోపల ఇప్పటికీ మనుషులున్న ఒక పల్లె ఉంది. అక్కడి నుంచి పొలం గట్ల మీదుగా నడిస్తే ఒకే వాగు మీద మూడు పాత రాతి వంతెనలు వస్తాయి. వాళ్ళు నన్ను కూడా రమ్మన్నందుకు నాకు చాలా గొప్పగా అనిపించింది.

బయల్దేరే ముందు అత్త ఒక మాట చెప్పింది. “తిరిగొచ్చీటప్పుడు వాగు దాటినకాడల్లా పిల్లని పేరెట్టి పిలు. నేకపోతే దాని పేణం ఆ ఒడ్డునే ఉండిపోద్ది.”

“వ్యాన్‌లో సీటు ఉంది కదా అత్తా, ప్రాణం కూడా అందులోనే వస్తుందిలే.”

“నవ్వు, నవ్వు. సదువుకున్నోళ్ళకి నవ్వడం సులువే” అంది.

ఆశ్చర్యం ఏమిటంటే, ఆ పల్లె మొదట్లో టీ కొట్టు నడుపుతున్న ముసలావిడ కూడా మా అందరికీ బర్మా భాషలో అదే చెప్పింది. పిల్లల ప్రాణం సీతాకోకచిలుక లాంటిదట. ఎక్కడ బాగుంటే అక్కడ వాలిపోతుందట. తిరిగి వచ్చేటప్పుడు ప్రతి వంతెన దగ్గరా పిలవాలట.

నడక బాగుంది. కోతలైపోయిన పొలాలు, మంచు ఇంకా వదలని గట్లు. వంతెనలు తేనెపట్టులా చిల్లులున్న ఎర్రరాళ్ళతో కట్టినవి. రాళ్ళ సందుల్లో ఫెర్న్ మొక్కలు మొలిచాయి. వాటి పేర్లు చెప్పి అందరి ముందు కాస్త మెప్పు కూడా సంపాదించాను. మూడో వంతెన దాటి, అవతలి ఒడ్డున చెట్టు నీడలో అన్నాలు తిన్నాం. పిల్లలు నీళ్ళలో ఆడుకున్నారు.

తిరిగి బయల్దేరినప్పుడు ఒక్కొక్క తల్లి ఒడ్డున ఆగి, ఏ మొహమాటం లేకుండా తన పిల్లని పేరు పెట్టి గట్టిగా పిలిచి వంతెన ఎక్కింది. నా వంతు వచ్చింది. అత్త పెట్టిన పేరు గొంతు దాకా వచ్చింది. అందరూ నావైపే చూస్తున్నారు.

“సూసూ, లా, లా” అని, రా రమ్మని బర్మా భాషలో పిలిచాను. పాప నా చెయ్యి పట్టుకుని నడిచింది. వంతెన మధ్యలో ఆగి ఒకసారి వెనక్కి చూసింది. పిట్టని చూసిందేమో అనుకున్నాను. మిగతా రెండు వంతెనల దగ్గరా అలాగే పిలిచాను.

ఇంటికి చేరాక అత్త “పైడీ” అని చేతులు చాచింది. పాప తల తిప్పలేదు. అలిసిపోయిందనుకున్నాం. మర్నాడూ అంతే. సూసూ అంటే వెంటనే పలికేది. పైడీ అంటే ఆ గదిలో ఇంకెవరినో పిలిచినట్టు ఊరుకునేది. రెండు భాషలూ కలిపి మాట్లాడే పిల్ల తెలుగు పూర్తిగా మానేసింది. అత్త ఏదైనా చెబితే అర్థం కానట్టు నా మొహం చూసేది. అత్త కలిపిన పప్పన్నం తప్ప ఇంకేదీ తినని పిల్ల, ఆ ముద్ద దగ్గరికి తెస్తే నోరు బిగించేది. చిక్కిపోవడం కళ్ళకి కనిపించింది.

డాక్టరు చెవులు చూశారు, రక్తం చూశారు. ఏమీ లేదన్నారు.

ఒకరోజు పాపని ఒళ్ళో పెట్టుకుని, పైడి ఎక్కడుంది అని అడిగాను. మామూలు కబురు చెప్పినట్టు, “పైడి రాలేదు కదా” అంది బర్మా భాషలో. అత్త మాటలు విని ఊహించుకుని ఉంటుంది. నాలుగేళ్ళ పిల్లలు అలా ఊహించుకుంటారు. అప్పుడూ నాకు నేను అదే చెప్పుకున్నాను.

అత్త నన్ను ఒకే ఒక్కసారి అడిగింది. “పేరెట్టి పిలిచినావా?”

“పిలిచాను” అన్నాను. అబద్ధం కాదు కదా.

ఆ తర్వాత ఆవిడ తనని తాను తిట్టుకోవడం మొదలుపెట్టింది. “మాయమ్మ పేరు దీనికి పడనేదు. నా బుద్ధి గడ్డి తిని ఎట్టినాను. ఇంక ఆ పేరు ఇంట్లో ఎత్తకండి” అని గుమ్మంలో కూర్చుని కళ్ళు తుడుచుకుంది. ఆవిడ కూడా తిండి తగ్గించేసింది. అప్పుడైనా నిజం చెప్పాల్సింది. రెండు రోజులు నోరు మూసుకున్నాను.

మూడో రోజు చెప్పేశాను. అరుస్తుందనుకున్నాను. ఆవిడ “రెండూ నీ పిల్ల పేర్లే గదే. ఒకదాన్ని ఎందుకు ఒగ్గేసినావు?” అంది. అంతే.

మర్నాడు పొద్దున్నే పికప్ మాట్లాడుకుని ముగ్గురం వెళ్ళాం. దారి పొడవునా పాపని అత్తే ఎత్తుకుంది. నేను ఎత్తుకుంటానంటే ఇవ్వలేదు. మూడో వంతెన ఇవతలి కొసకి చేరేసరికి పాప ఆవిడ భుజం మీద నిద్రపోతోంది. మంచి ఎండ. కింద వాగులో ఇద్దరు ఆడవాళ్ళు బట్టలు ఉతుకుతున్నారు.

నేను పిలిచాను.

“అంత సిన్నగా పిలిస్తే నీకే ఇనపడదు” అంది అత్త. ఉతికేవాళ్ళు తలెత్తి చూశారు. వాళ్ళ ఎదుట కూడా నాకు సిగ్గేసింది. అది కూడా రాస్తున్నాను, దాచను. కళ్ళు మూసుకుని మా అత్తలాగే, ఊరంతా వినపడేలా కేకేశాను. “ఒలే పైడీ! రాయే, ఇంటికి పోదాం!”

అవతలి ఒడ్డు నుంచి “వత్తన్నానమ్మా” అని వినిపించింది.

పిల్ల గొంతు. తెలుగు. నేను గిరుక్కున పాప వైపు తిరిగాను. పెదాలు మూసుకునే ఉన్నాయి. చెంప అత్త భుజానికి అణిగి ఉంది. అవతల కోసిన పొలం తప్ప ఏమీ లేదు. ఇల్లు లేదు, మనిషి లేడు. ప్రతిధ్వని అనుకుందామంటే, ప్రతిధ్వని నా మాటే తిరిగి చెప్పాలి, జవాబివ్వదు.

నేను వెనక్కి తిరగబోతే ఉతికేవాళ్ళలో ఒకామె చేతిలో పని ఆపకుండానే బర్మా భాషలో, “తొందర పడకండి. చిన్న కాళ్ళు” అంది.

మేం ఆగాం. అత్త వంతెన కొస నుంచి పక్కకి జరిగి దారి ఇచ్చింది. ఏమీ కనిపించలేదు. కాసేపటికి పాప కళ్ళు తెరిచి, “మామ్మా, ఆకలేత్తంది” అంది. అత్త ఆ రాళ్ళ మీదే కూలబడి, వెంట తెచ్చిన పప్పన్నం మూట విప్పింది. పాప గిన్నె నాకేసింది.

ఇప్పుడు రెండు పేర్లకీ పలుకుతోంది, బాగా తింటోంది. పిల్లలు ఒక్కోసారి అలా మొండికేస్తారని డాక్టరు అన్నారు. కావచ్చు. మరి ఆ జవాబు ఎవరిదో, ఆ ఉతికే ఆవిడ ఎవరి కాళ్ళని చూసిందో నాకు తెలియదు. మళ్ళీ వెళ్ళి అడిగే ధైర్యం లేదు.

నిద్ర పట్టనివ్వనిది అది కూడా కాదు. మా పాప ఉత్తప్పుడు చాలా అలుగుతుంది. నీళ్ళు ఇవ్వడం కాస్త ఆలస్యమైతే గంటసేపు మాట్లాడదు. అన్ని రోజులు ఆ ఒడ్డున వదిలేసి వచ్చిన నన్ను, ఎందుకు పిలవలేదని తను అడగాల్సింది. ఆ గొంతులో అలక లేదు. పిలిచీ పిలవగానే, ఏమీ జరగనట్టు, వస్తున్నానంది.