మబ్బు తీసి ఎలకని పెట్టిన మేష్టారు

నా పేరు మంగాయమ్మ. వయసు డెబ్బై దాటింది. ఎంత దాటిందో మా అమ్మకే సరిగ్గా తెలీదు. రాజోలు దగ్గర కాలవ గట్టున పెంకుటిల్లు మాది. ఇంట్లో నేను, కొడుకు, కోడలు లక్ష్మి, ఒక గేదె. వీధి వైపు గదిలో హైస్కూలు సైన్సు మేష్టారు అద్దెకుండేవారు. పెళ్ళి చేసుకోలేదు. ఆయన పోయిన నెలలో ఒక ఆదివారం తెల్లవారుజామున అమలాపురం ఆస్పత్రిలో పోయారు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు ఆయన జ్ఞాపకంగా పుస్తకం వేస్తున్నారని, తలో నాలుగు మాటలు రాసిస్తున్నారని విని నేనూ చెప్పి రాయిస్తున్నాను. నాకు చదువు రాదు. చెప్పింది చెప్పినట్టు రాయాలి, అందంగా మార్చకూడదు అని రాసే అతనికి ముందే చెప్పాను.

నాకు ఇందులో ఒక తగువు ఉంది. "మేష్టారి శవాన్ని వ్యానులోంచి దించుతుంటే ఆ ముసలావిడ ఆయన గదిలో టీవీ ముందు కూచుని ఆటాడుతోంది" అని ఊళ్ళో చెప్పుకుంటున్నారు. నా ఎదురుగా అనరు. బట్టలుతికే రేవులో అంటారు, నేను మెట్లు దిగేసరికి బట్టలు మరీ గట్టిగా బాదుతారు. మేష్టారి తమ్ముడుగారు ఆ మాట పట్టుకునే గది తాళం అడిగారు. నేను ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో ఈ పుస్తకంలో ఉండాలి.

పెద్ద తుఫానుకి హైస్కూలు కప్పు రేకులు లేచిపోయాయి. పిల్లలకి నేర్పడానికని అంతకు చాలా ఏళ్ళ ముందు వచ్చిన కంప్యూటర్లు ఆ గదిలో తడిసిపోయాయి. బడివాళ్ళు వాటిని పనికిరావని సైకిళ్ళ షెడ్డులో పడేశారు. మేష్టారు అడిగి తీసుకుని, కొబ్బరికాయల ట్రాక్టరు మీద మా ఇంటికి తెచ్చారు. ఇప్పటి కంప్యూటర్లలాంటివి కావు. మీటలున్న పెట్టె ఒక్కటే ఉంటుంది, టీవీకి తగిలించుకోవాలి.

"ఏవిటండీ ఈ తుక్కు?" అన్నాను.

"తుక్కు కాదండి మంగాయమ్మగారూ, తడిసేయంతే."

"ఇంత తడిసినవి బతుకుతాయా?"

"తుఫానులో తడిసిన మీ కోడిపిల్లలు బతకలేదేంటండీ?"

అది ఊరికే అనలేదు. నా కోడిగంపలు అడిగి పుచ్చుకుని, పెట్టెలు విప్పి గంపల కింద పెట్టి, చెమ్మ ఆరడానికి లోపల చిన్న బల్బులు వెలిగించారు. గంపలు పోయిన కోళ్ళు నన్ను తిట్టుకుంటూ వీధి గుమ్మం ముందు తిరిగాయి. కొన్ని పెట్టెలు బతికాయి. బతకనివాటి లోపలి ముక్కలు పీకి బతికినవాటికి అతికారు.

ఆ పెట్టెకి దానంతట దానికి ఏ ఆటా తెలీదు. కరెంటు తీస్తే నేర్చుకున్నదంతా మర్చిపోతుంది. ప్రతిసారీ టేపురికార్డరులో క్యాసెట్టు పెట్టి దానికి వినిపించాలి. అందులో పాటా ఉండదు, మాటా ఉండదు. పందిపిల్లని గోనెలో వేసి కట్టినట్టు అరుస్తుంది. మొదటిసారి విన్నప్పుడు నేను చీపురుతో వెళ్ళాను.

"ఎవర్నండీ చంపేస్తున్నారు?"

"ఎవర్నీ కాదండి, పెట్టెకి పాఠం చెబుతున్నాను. కాస్త ఓపిక పట్టండి. సగంలో ఆపేస్తే మళ్ళీ మొదట్నించీ చెప్పాలి."

ఈ మాట గుర్తుపెట్టుకోండి. నా తగువుకి ఇది కావాలి.

సాయంత్రాలు పిల్లలు వచ్చేవారు. బుల్లి బుల్లి గళ్ళతో చేసిన బొమ్మలు తెర మీద ఎగిరేవి, దూకేవి, చచ్చేవి. ఒకసారి మా దొడ్లో కొబ్బరి దింపు జరుగుతోంది. మనిషి చెట్టెక్కి గెలలు కోసి పడేస్తుంటే మేష్టారు కిటికీలోంచి చూస్తూ కూచున్నారు. ఆ తర్వాత కొన్నాళ్ళు బడి నుంచి రావడం, గదిలో దూరడం, అంతే. ఒకరోజు నన్ను పిలిచి చూపించారు. ఆయన సొంతంగా చేసిన ఆట అది. తెర మీద కొబ్బరిచెట్టు, చెట్టు పైన మబ్బు, కింద గంప పట్టుకుని ఒక ముసలమ్మ. కాయలు పడుతుంటే గంపతో పట్టుకోవాలి.

"ఎవరండీ ఈవిడ?"

"మీరేనండి."

"దింపు తీస్తుంటే నేను చెట్టు కింద నిలబడతానా? బుర్ర బద్దలైపోదూ? మీ దగ్గర చదివిన పిల్లలు ఇంకా బతికే ఉన్నారాండీ?"

"ఆయ్, నిజవేనండి" అని మొత్తం చెరిపేసి మళ్ళీ మొదలెట్టారు. ఈసారి ముసలమ్మ పడే కాయల్ని తప్పించుకుని, పడ్డ కాయల్ని ఏరుకోవాలి. అది బావుంది. కానీ ఎలక లేదు. చెట్టెక్కి కాయ కొరికే ఎలక లేని కొబ్బరితోట కోనసీమలో ఎక్కడుంది?

"ఎలకని పెట్టండి" అన్నాను.

"చోటు లేదండి."

"ఇంత పెట్టెలో ఎలక పట్టదా?"

"పెట్టె పెద్దదేగానండి, దాని బుర్ర చిన్నది. ఇప్పటికే నిండిపోయింది. ఇంకోటి పెట్టాలంటే ఉన్నదాన్లో ఒకటి తీసెయ్యాలి. ఏది తీసెయ్యమంటారు?"

"ఆ ముసలిదాన్ని తీసెయ్యండి."

"ఆవిడ లేకపోతే ఆటెక్కడిదండీ?"

చివరికి మబ్బు తీసేసి ఎలకని పెట్టారు. ఆ ఎలకని తరమడంలో నన్ను మించినవాళ్ళు మా వీధిలో లేరు.

ఆట అయిపోయాక ఎవరు ఎక్కువ కాయలు ఏరితే వాళ్ళ గుర్తు పై వరసలో నిలబడుతుంది. అందుకు మూడు అక్షరాలు నొక్కాలి. "మూడేనండి, నేర్పనా?" అన్నారు. "ఈ వయసులో నేనేం ఉద్యోగానికెళ్ళాలండీ?" అన్నాను. మళ్ళీ అడగలేదు. ఆయనలో నాకు నచ్చిన గుణం అదే, కాదంటే కాదనే అర్థం చేసుకునేవారు. ఆకాశంలో చుక్కలాంటి గుర్తున్న మీట ఒకటి చూపించారు. అప్పట్నించీ మూడు చుక్కలు నావి. కొన్నాళ్ళకి చూస్తే ఆయన కూడా అక్షరాలు మానేసి మూడు సిలువలు నొక్కుతున్నారు. ఆయన చర్చికి వెళ్ళే మనిషే, కానీ అది భక్తితో చేసింది కాదు. పైన ఎవరున్నారో కింద ఎవరున్నారో ఒకర్ని అడక్కుండా నాకు తెలియాలని.

కరెంటు పోతే ఆ వరసలన్నీ చెరిగిపోయేవి. మా ఊళ్ళో కరెంటు సంగతి మీకు తెలిసిందే. నేను కరెంటువాళ్ళతో పాటు ఆయన్నీ కలిపి తిట్టేదాన్ని. "పోతే పోనీండి. మళ్ళీ ఆడితే మళ్ళీ వస్తాయి" అనేవారు. ఎన్నేళ్ళైనా అదే మాట.

తర్వాత అమలాపురంలో నెట్టు సెంటర్లు వెలిశాయి. పిల్లలు మా గది వైపు రావడం మానేశారు. తమ్ముడుగారు ద్రాక్షారామం నుంచి వచ్చినప్పుడల్లా "అన్నయ్యా, ఈ పాతవి పారేసి మంచిదొకటి కొనుక్కోరాదా" అనేవారు. "కొత్తది వచ్చిందని పాతది తప్పు చేసినట్టు కాదురా" అనేవారు మేష్టారు. మా గాలిలో ఉప్పు, నేలలో చెమ్మ. ఊరికే ఉంచితే ఆ పెట్టెలు తుప్పుపడతాయి. అందుకని ఆదివారం చర్చి నుంచి రాగానే ఒక్కోదాన్నీ కాసేపు వెలిగించి ఒళ్ళు వేడెక్కనిచ్చేవారు. గడ్డం గీసుకునే బ్రష్షుతో మీటల సందుల్లో దుమ్ము దులిపేవారు. క్యాసెట్లకి బూజు పట్టకుండా నా బియ్యం డబ్బాలో దాచేవారు. అన్నం వండుకోబోయి క్యాసెట్టు కొలిచిన రోజులున్నాయి మా లక్ష్మికి.

ఆస్పత్రికి వెళ్తూ ఆయన తాళం నా చేతికిచ్చారు. "ఆదివారం మర్చిపోకండి. దింపు ఆట క్యాసెట్టు అరిగిపోయింది, కొత్తదాన్లోకి ఎక్కించి పెట్టేనండి" అన్నారు. అంతకు మించి ఏమీ చెప్పలేదు.

ఇంక ఆ ఆదివారం సంగతి. పొద్దున్న పాలు పితికి, పెట్టె వెలిగించి, కొత్త క్యాసెట్టు పెట్టాను. అది అరుస్తుండగా లక్ష్మి గుమ్మంలోకి వచ్చింది.

"అత్తయ్యగారూ, ఆస్పత్రి నుంచి ఫోనొచ్చిందండి. మేష్టారు పోయేరంటండి. వ్యానులో తీసుకొచ్చేస్తున్నారంట. అది ఆపెయ్యండి, బావుండదు."

నేను ఆపలేదు. సగంలో ఆపితే మళ్ళీ మొదట్నించీ చెప్పాలని ఆయనే అన్నారు. మళ్ళీ మొదలెట్టే ఓపిక నాకు వస్తుందో రాదో.

ఆట తెర మీదకి వచ్చింది. క్యాసెట్టు కొత్తగా వినిపించినప్పుడు పేర్ల వరసలు ఎప్పుడూ ఖాళీగా ఉంటాయి. ఆ రోజు ఖాళీగా లేవు. నేను ఒక్క మీటైనా నొక్కకుండానే పై వరసలో నా మూడు చుక్కలున్నాయి. వాటి కింద మూడు సిలువలు. కళ్ళు మసకేసి అలా కనిపిస్తోందేమో అనుకుని కరెంటు తీసేసి, మళ్ళీ వేసి, క్యాసెట్టు మొదట్నించీ వినిపించాను. మళ్ళీ అవే. పోతే పోనీండి అన్న మనిషి, ఇంక పోకుండా ఆటలోనే రాసిపెట్టి, నాతో ఒక్క మాట చెప్పకుండా ఆస్పత్రికి వెళ్ళిపోయారు.

వ్యాను వచ్చేసరికి నేను చూస్తున్నది అదీ. ఆడటం లేదు. చదువుకుంటున్నాను. నా జన్మలో నేను చదివిన రాత అదొక్కటే, మధ్యలో లేవలేదు. నా మీద చెప్పుకుంటున్న నేరం ఇంతే.

మొన్న పుస్తకంవాళ్ళ తరఫున ఏసురత్నం అనే అబ్బాయి వచ్చాడు. మేష్టారి దగ్గర చదువుకుని ఇప్పుడు మామిడికుదురులో బ్యాంకులో పనిచేస్తున్నాడు. చేతిలో కొలతల టేపు.

"మామ్మగారూ, పెట్టెలన్నీ అమలాపురం కాలేజీలో గాజు బీరువాలో పెడతామండి. బీరువాకి లైటు కూడా పెడతాం. మేష్టారి పేరు నిలబడిపోతుందండి."

"బీరువాకి లైటు పెడతారా? పెట్టెలకి కరెంటు పెట్టరా?"

"ఆన్ చేస్తే పాడైపోతాయేమోనండి..."

"చెయ్యకపోతే ఏవౌతాయో నీకు సైన్సులో చెప్పలేదా మేష్టారు? ఆ టేపు అక్కడ పెట్టి కూచో."

కూచోబెట్టి ఆడించాను. మూడో కాయకే ముసలమ్మ బుర్ర పగలగొట్టాడు. తర్వాత ఆట ఆపి పై రెండు వరసలూ చూపించి, అవి ఎవరివో చెప్పాను. కొలతలు తీసుకోకుండానే లేచాడు. ఇది రాస్తున్నది అతనే.

నేను కోరేది ఇది. పెట్టెలు ఆ గదిలోనే ఉండాలి, తాళం నా దగ్గర ఉండాలి, ఆదివారం అవి వెలగాలి. నా తర్వాత లక్ష్మి వెలిగిస్తుంది, నేర్పాను. తమ్ముడుగారిని ఒక ఆదివారం వచ్చి చూడమని కబురు పెట్టాను. ఇంకా రాలేదు. వచ్చినరోజు ఆయనకి కనిపించేది ఒక చెట్టు, ఒక ఎలక, మబ్బు లేని ఆకాశం, దాని మీద రెండు వరసలు.

వేలిముద్ర కోసమని ఏసురత్నం సిరా డబ్బీ తెచ్చాడు. అది పక్కన పెట్టి కలం ఇలా ఇమ్మన్నాను.

మంగాయమ్మ నిశానీ:
* * *

సాక్షులు:
లక్ష్మి, కోడలు
ఏసురత్నం, రాసినవాడు