ఆశీర్వాదానికి పట్టిన సెగలు

దొనకొండ దగ్గరి పల్లెలో ఒక రైతు దగ్గర మోట తోలే ఆశీర్వాదానికి అరవై దాటాక నడుము పట్టేసింది. ముసలితనం అనుకున్నాడు. ఆ తర్వాత ఒంటికి పోవడం గండమైంది. కూర్చుంటే లేవలేని స్థితి వచ్చేసరికి భార్య మగ్దలీనమ్మ రైలెక్కించి గుంటూరు తీసుకుపోయింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు అది.

ఆసుపత్రిలో డాక్టరు ప్రభాకరరావు మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

"పెద్దాయనా, మూత్రం సంచి కింద పుట్టిన రాచపుండు నడుం ఎముకలకు పాకింది. దానికి మేత బీజాల నుంచి, అదే వృషణాల నుంచి అందుతుంది. రెండూ తీసేస్తే నొప్పి తగ్గుతుంది."

"రోగం పోతాదా అయ్యా?"

"పోదు. కొంతకాలం అణిగి ఉంటుంది."

డాక్టరు వెళ్లాక ఆశీర్వాదం గోడవైపు తిరిగాడు.

"ఎన్ని కోడెల్ని కాళ్లు కట్టి పడేసి పట్టుకున్నానే, విత్తులు కొట్టేటప్పుడు. లేచినాక అవి నా దిక్కే చూసేటివి."

"కోడెలకు నొప్పి లేదు మామా, నీకుంది. తీయించుకో" అంది మగ్దలీనమ్మ.

తీయించుకున్నాడు. కోసిన గాయం మానేసరికి నడుం నొప్పి తగ్గింది, ప్రార్థన గుడికి తనంతట తనే నడిచి వెళ్లగలిగాడు. కానీ ఒక ఆదివారం, మంచు కురిసే రోజుల్లో, ప్రార్థన మధ్యలో రొమ్ములోంచి సెగ లేచి మొహానికెక్కింది. చొక్కా తడిసిపోయింది. బయటికొచ్చి గోడవార చతికిలబడ్డాడు. వెనకే వచ్చిన మగ్దలీనమ్మ కొంగుతో మొహం తుడిచింది.

"చావొస్తాందే నాకు."

"చావు కాదు. కాసేపాగు, పోతాది."

"నీకెట్ల తెలుసు?"

"ముట్టు నిలిచిపోయిన ఏడు నాకూ ఇట్లనే వచ్చినాయి సెగలు. కోత కోస్తా కోస్తా గట్టు మీద కూలబడేదాన్ని."

"నాకు చెప్పలేదేందే?"

"చెప్పినా. పనిదొంగ ఏసాలంటివి."

అతనికి గుర్తొచ్చింది. ఆ మాట అన్నది నలుగురు కూలీల ఎదుట. ఆపరేషన్‌ నాడు కూడా ఏడవని మనిషి, మోకాళ్ల మధ్య తల పెట్టుకుని ఏడ్చాడు. ఆమె కొంగుతో విసురుతూ నిలబడింది.

అప్పటి నుంచి సెగ వచ్చినప్పుడల్లా ఆమె విసనకర్రతో పక్కన చేరేది. అతను అడిగేవాడు, ఆమె చెప్పేది. పురిట్లో పోయిన బిడ్డల సంగతులు, పచ్చి బాలింతగా కలుపుకు పోయిన రోజుల సంగతులు. అవన్నీ తన ఇంట్లోనే జరిగాయంటే అతనికి నమ్మబుద్ధి కాలేదు.

మరుసటి ఏడు తొలకరికి నొప్పి తిరిగొచ్చింది. ఈసారి కాళ్లకూ దిగింది. మళ్లీ రైలెక్కే ఓపిక అతనికి లేదు. జొన్న కంకి పాలు పోసుకునే వేళకు కన్నుమూశాడు.

పూడ్చి వచ్చాక కూతురు లీదియా తనతో రమ్మంది.

"ఇన్నేండ్ల కాపురంలో మీ నాయన నాతో మాట్లాడింది ఈ ఒక్క ఏడేనమ్మా" అంది మగ్దలీనమ్మ. "కొన్నాళ్లు ఈ ఇంట్లోనే ఉండనీ నన్ను."

లీదియా పొయ్యి రాజేయడానికి లేచింది.