కారణం రాసిమ్మని అడుగు

ఆదోని మార్కెట్ యార్డు దాటేటప్పుడు పత్తి నూగు గాలిలో తేలివస్తుంది. మొన్న మీటింగుకు పోతూ జీపు అద్దం దించగానే ముక్కు దురద పెట్టి తుమ్మాను. వెంటనే మహబూబ్ సార్ గుర్తుకొచ్చారు. ఆయనకు ఆ నూగు అసలు పడేది కాదు. సీజనంతా ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, ఆదోనిలోని మా డిగ్రీ కాలేజీలో పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ చెప్పేవారు. ప్రభుత్వం ఎలా నడుస్తుందో, ఎలా నడవాలో నేర్పే చదువు అది.

చేరేవాళ్లు తగ్గి, ఆ కోర్సు ఎత్తేస్తారన్న మాట పుట్టిన ఏడాది, సార్ ఎమ్మిగనూరు బస్సెక్కి ఇంటర్ పాసైనవాళ్ల ఇళ్లు తిరిగారు. మా నేతగాళ్ల వీధికీ వచ్చారు. నాన్న మగ్గం గుంటలో కూర్చొనే, ఈ చదువుకు ఉద్యోగం వస్తుందా అని అడిగాడు. ఇంకొకరైతే వస్తుందనే చెప్పేవారు.

"వస్తాదని మాట ఇయ్యలేనప్పా," అన్నారు సార్. "ఆఫీసుకు పోతే ఎవరిని ఏం అడగాలో మాత్రం పాపకు తెలుస్తాది."

నాన్న చేనేత పింఛను కోసం పెట్టుకున్న అర్జీ అప్పటికి రెండేళ్లుగా కదలడం లేదు. ఆయన మగ్గం ఆపి నావైపు చూసి, చేరమన్నాడు.

రెండో ఏడు సార్ మాకు పరీక్షలాంటి పని ఒకటి పెట్టారు. ఒక్కొక్కరం ఒక్కో అర్జీ వెంట పడి, అది ఎక్కడ ఆగిందో కనుక్కోవాలి. నేను నాన్న అర్జీనే ఎంచుకున్నాను. మండలాఫీసుకు మూడుసార్లు పోతే మూడుసార్లూ రేపు రమ్మన్నారు. మూడోసారి గొడవపడి కాలేజీకి వచ్చాను. సార్ అంతా విని, అరిస్తే వాళ్లకు నన్ను పంపించడం ఇంకా సులువవుతుందన్నారు.

"ఎందుకు కాదో కాగితం మీద రాసిమ్మని అడుగు. అంతే. ఇంకో మాట మాట్లాడొద్దు."

అలాగే అడిగాను. ఆఫీసులోని గుమాస్తా పెన్ను తీసుకుని, రాయడానికి కారణం కోసం అర్జీ మొదటిసారి పూర్తిగా చదివాడు. రాయడానికేమీ దొరకలేదు. ఆ నెలలోనే అది పైకి పోయింది, తర్వాత నాన్నకు పింఛను వచ్చింది. సర్కారు ఉద్యోగం చేయాలని నేను గట్టిగా అనుకున్నది అప్పుడే.

అనుకున్నంత తేలిగ్గా రాలేదది. గ్రూప్ పరీక్ష రెండుసార్లు తప్పాను. ఇక మగ్గం నేర్చుకుంటానని చెప్పడానికి వెళ్తే, ఎందుకు తప్పానో రాయమని సార్ తెల్లకాగితం ఇచ్చారు. నా తలరాత బాగాలేదని రాశాను. ఆయన అది కొట్టేశారు.

"ఇది కారణం కాదమ్మా. నిజం రాయి."

చాలాసేపు కూర్చొని, ఎకనామిక్స్ అంటే భయమని, ఆ పుస్తకం సగంలోనే వదిలేశానని రాశాను. అప్పటికే రిటైరైన మనిషి ఆ ఏడాదంతా ఆదివారాలు తన ఇంట్లో నాతో ఆ పుస్తకం చివరిదాకా చదివించారు. మూడోసారి పాసయ్యాను. నేను తహసీల్దారునయ్యేనాటికి సార్ లేరు.

గోనెగండ్లలో చేరిన కొత్తల్లో ఒక ముసలి రైతు పొలం తన పేరున ఎక్కించమని వచ్చాడు. చూపిన కాగితాలు చాలవనిపించి కాదన్నాను. కారణం రాసిచ్చాను. ఆయన దాన్ని చూడకుండానే మడిచి జేబులో పెట్టుకుని లేచాడు. అది నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. వెనక్కి పిలిచి, నా నిర్ణయం తప్పనిపిస్తే ఆర్డీఓ గారికి అప్పీలు పెట్టుకోవచ్చని చెప్పాను. ఆయనకు రాయడం రాదు. నేనే రాయడం మొదలుపెట్టాను.

"నీ మీద నువ్వే రాస్తాండావా తల్లీ?" అన్నాడు.

"రాస్తాండా పెద్దాయనా. ఈడ వేలిముద్ర ఎయ్యి."

అప్పీలులో నా ఆర్డరు కొట్టేశారు. నేను చూడకుండా వదిలేసిన పాత రికార్డు ఒకటి ఆయన వైపు ఉంది. చిన్నతనంగానే అనిపించింది, దాచను. కానీ ఆ ముసలాయన పేరును రికార్డులో ఎక్కించే సంతకం నేనే పెట్టాను.