చెరిపేసిన పెన్సిల్ రాత: అల్ఫారెట్టా నుంచి టైటస్‌విల్ దాకా

మా ఆయన ప్రసాద్ పోయి ఏడాదిన్నరైంది. ఇల్లు అమ్మి చిన్న అపార్ట్‌మెంట్‌కి మారేటప్పుడు తన కవర్ల పెట్టె ఎక్కడ పెట్టాలో నాకు తేలలేదు. అంతరిక్ష యుగం మొదటి రోజుల స్మారక తపాలా కవర్లవి. ఎడమ పక్కన రాకెట్ బొమ్మ, కుడివైపు స్టాంపు మీద, రాకెట్ ఎగిరిన రోజున ఆ ఊరి పోస్టాఫీసు కొట్టిన ముద్ర. సేకరించేవాళ్ళు కవర్లు ముందే పంపితే, ప్రయోగం వాయిదా పడినా పోస్ట్‌మాస్టర్ వాటిని దాచి, ఎగిరిన రోజే ముద్ర వేసి తిప్పి పంపేవాడట. ప్రసాద్ ఏళ్ళ తరబడి ఫ్లీ మార్కెట్లనే పాతసామాన్ల సంతలు తిరిగి ముప్ఫై ఒక్కటి పోగుచేశాడు. ప్రతిసారీ నన్నూ రమ్మనేవాడు. మొదట్లో వెళ్ళాను, తరవాత మానేశాను. రాకెట్లు ఎగిరే చోటికి దగ్గర్లోని టైటస్‌విల్‌లో జరిగే స్టాంపుల సంతలో, వాటి విలువ తెలిసినవాళ్ళ చేతుల్లో పెట్టడానికే ఈ ప్రయాణం అనుకున్నాను. వదిలించుకోవడానికేనేమో కూడా.

బయల్దేరే ముందు ఒక పని చేశాను. ప్రతి కవరు వెనకా ప్రసాద్ పెన్సిల్‌తో సన్నగా తెలుగులో ఏదో రాసుకున్నాడు. మొదటి రెండూ చదివితే కొన్న ఊరు, ధర ఉన్నాయి. మిగతావీ అంతేననుకున్నాను. శుభ్రంగా ఉంటేనే ఎవరైనా తీసుకుంటారని ఎక్కడో చదివిన గుర్తు. మెత్తటి రబ్బరు పెట్టి ముప్ఫై ఒక్కటీ ఓపిగ్గా చెరిపేశాను.

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం ఉదయం ఐదున్నరకి అల్ఫారెట్టాలో బయల్దేరాం. కాలేజీలో చదువుతున్న మా అమ్మాయి నిత్య డ్రైవ్ చేసింది. ఐ-75 మీద మేకన్, వాల్డోస్టా దాటి, ఫ్లోరిడా టర్న్‌పైక్ అనే టోల్ రోడ్డు పట్టుకుని, ఒర్లాండో మీదుగా టైటస్‌విల్ చేరడానికి ఆగినవి కలిపి తొమ్మిదిన్నర గంటలు పట్టింది. గ్యాస్‌కి అరవై డాలర్లలోపే అయింది. మా జార్జియా టోల్ స్టికర్ అక్కడా పనిచేసింది. వాల్డోస్టా దాటిన దగ్గర్నుంచి వాన వదల్లేదు. రెస్ట్ ఏరియాలో కార్లోనే కూర్చుని పులిహోర తిన్నాం.

"నాన్న ఉంటే ఈపాటికి మూడు యాంటిక్ షాపుల్లో స్టాప్ చేసేవాడు. నువ్వు కార్లోనే కూర్చునేదానివి, ఏసీ ఆన్ చేసుకొని," అంది నిత్య. నవ్వుతూనే అంది. నేను డబ్బా మూత పెట్టేశాను.

నూట పది డాలర్ల మోటెల్లో పడుకుని, శనివారం పదింటికి స్టాంపుల సంతకి వెళ్ళాం. ఒక కమ్యూనిటీ హాల్లో మూడు గంటల దాకా జరుగుతుంది, ప్రవేశం ఉచితం. పాతిక బల్లలుంటాయేమో, నెరిసిన తలలే ఎక్కువ. అంతరిక్ష కవర్లు చూసే మనిషి చివరి బల్ల దగ్గర ఉన్నాడు, డెబ్బై దాటినాయన. ముందువైపు చూసినంతసేపూ తలాడించాడు. వెనక్కి తిప్పి ఆగిపోయాడు.

"ఇవి ఎవరు చెరిపారు?"

"నేనే."

ఆయన కోప్పడలేదు. ముందువైపు పెన్సిల్ చిరునామాలు చెరపడం మామూలేనని, వెనక రాసేవి మాత్రం కవరు ఎవరెవరి చేతులు మారిందో చెబుతాయి కాబట్టి సేకరించేవాళ్ళు వాటిని ముట్టుకోరని చెప్పాడు. తరవాత చిన్న టార్చి తీసి, కాగితానికి ఆనించి పక్కనుంచి వెలుగు పడేలా పట్టుకున్నాడు. ప్రసాద్ పెన్సిల్ నొక్కి రాసే మనిషి. కాగితం మీద రాత నొక్కులు తేలాయి.

"నాకీ లిపి రాదు. మీకొస్తుందా?"

గంటసేపు ఒక్కొక్కటే తిప్పాం. చాలావాటిలో గీతలే తప్ప అక్షరం నిలవలేదు. మూడే చదవగలిగాను. ఒకదాని మీద, "వాన. తను కార్లోనే ఉంది." ఇంకోదాని మీద, "ఈసారి రానంది." మూడోది, ఏ పిల్లలో రాకెట్‌కి ఊదారంగు పూసేసిన కవరు. దాన్ని ఎవరూ కొనరని ఆయన అప్పటికే పక్కన పెట్టాడు. దాని వెనక, "దీన్ని తనకి చూపించాలి."

నిత్యకి తెలుగు చదవడం రాదు. "అమ్మా, ఏం రాశాడు?" అని అడిగింది.

"ధరలే," అన్నాను.

ఆ మూడూ ఉంచుకుని, మిగతావి అనుకున్నట్టే ఆయనకి వదిలేశాను. బయటికొచ్చాక నది ఒడ్డున ఆగాం. అవతలి గట్టున రాకెట్లు నిలబెట్టే పెద్ద భవనం వానలో బూడిదరంగు పెట్టెలా ఉంది. అక్కడ నిత్యకి ఆ మూడూ చదివి వినిపించాను.

నిత్య ఊదారంగు కవరు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. చివరికి, "మరి చూపించాడా?" అంది.

గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. ప్రసాద్ చాలాసార్లు నా పక్కన కూర్చుని కవర్లు చూపించేవాడు. నేను ఫోన్ చూసుకుంటూనే బాగుందనేదాన్ని. ఊదారంగు రాకెట్ అందులో ఉందో లేదో తెలియదు. చూపించలేదంటే నేనే అవకాశం ఇవ్వలేదేమో. చూపించి ఉంటే మరీ కష్టం. వదిలేసి వచ్చిన వాటిని ఇంకాస్త మంచి వెలుగులో పెడితే మరో మాట దొరికేదేమోనన్న అనుమానం వాల్డోస్టా దాకా, ఆ పైన ఇంటిదాకా నాతోనే వచ్చింది.

మీరూ ఇలాంటి పెట్టెతో ఆ సంతకి వెళ్తుంటే పదింటికల్లా చేరండి, మూడింటి దాకా అన్నా ముందే బల్లలు సర్దేస్తారు. రబ్బరు మాత్రం ముట్టుకోకండి. ప్రతి కవరూ వెనక్కి తిప్పి ఫొటో తీసుకోండి. మొదటి రెండే కాదు, చివరిదాకా చదవండి.