బండి మెడలో పసుపు

ఆ రోజుల్లో మా సీతారాండేరాలో మనిషికి జ్వరమొస్తే డాక్టరు కోసం వెతుక్కోవాలి గానీ, బండికి జబ్బు చేస్తే వీధి వీధంతా డాక్టర్లే. జంషెడ్‌పూర్ అంటే అంతే మరి. శ్రీకాకుళం వైపు నుంచి తాతల కాలంలో వచ్చి ఇక్కడ ఇనుముతో కాపురం పెట్టినవాళ్ళం. ఇంటికొకరు కంపెనీలోనో, రైల్వేలోనో, కాంట్రాక్టు పనిలోనో ఉండేవారు. ఫ్యాన్ కిర్రుమన్నా, కుక్కర్ కూత వెయ్యకపోయినా ఎవరి డిపార్టుమెంటు ప్రకారం వాళ్ళు ఉపన్యాసం ఇచ్చేవారు. ఆ విద్య అబ్బనివాణ్ణి మా ఇంట్లో నేనొక్కణ్ణే. బీకాం గట్టెక్కి, అగ్రికో పేటలో ఫోన్లు అమ్మే దుకాణంలో కొత్తగా చేరాను. నట్టు ఎటు తిప్పితే బిగుస్తుందో ఇప్పటికీ ఒకసారి గాల్లో చెయ్యి తిప్పి చూసుకుంటే గానీ చెప్పలేను.

మా నాన్న అలా కాదు. రోలింగ్ మిల్లులో ఫిట్టరుగా చేసి అప్పుడే రిటైరయ్యారు. తిరుగుతున్న మిషను మీద అరచెయ్యి ఆనించి, లోపల ఏ బేరింగు అలిగిందో చెప్పేవారట. ("మీ నాన్నది సెయ్యి కాదురా, మీటరు" అని ఆయన తోటివాళ్ళు నాతో అనేవారు. అలా అంటూ నా చేతుల వైపు చూసి ఊరుకునేవారు.) ఆయనకొక పాత మోటార్‌సైకిలుండేది. దాన్ని తుడిచే భాగ్యం నాకుండేది, తోలే భాగ్యం మాత్రం లేదు. అలాంటి మనిషి ఒక సాయంత్రం నది అవతలి మాంగో బజారు నుంచి కూరలు తెచ్చి, సంచీ అమ్మకిచ్చి, తాళంచెవి నా చేతిలో పెట్టారు.

"ఇకనించి నువ్వే తోలుకోరా. నాకు ఆటోలో ఎల్డమే సుకంగా ఉంది," అన్నారు.

నాకు పట్టరాని సంతోషం కలిగింది. ఎందుకిచ్చారని అడిగితే ఎక్కడ మనసు మార్చుకుంటారోనని అడగలేదు. ఆ మర్నాటి నుంచి నాన్న అరుగు మీద పేపరుతో కూర్చునేవారు. స్నానాల గదిలో కుళాయి కారుతుంటే ప్లంబర్ని పిలవమన్నారు. మా ఇంటికి ప్లంబర్ రావడమేమిటని వీధిలోవాళ్ళు వింతగా చూశారు. నేను మాత్రం బండి అద్దంలో జుట్టు సర్దుకుంటున్నాను.

నా సంబరం సువర్ణరేఖ నది మీది వంతెన దాకానే నిలిచింది. కాస్త వేగం అందుకునేసరికి హ్యాండిలు వద్దు వద్దన్నట్టు తల అడ్డంగా ఊపడం మొదలుపెట్టింది. గట్టిగా పట్టుకుంటే ఇంకా ఊగింది. వెనకాల ఆటోవాడు "అరే భాయ్, సీధా చలో" అని అరుచుకుంటూ ముందుకెళ్ళిపోయాడు. వంతెన దిగి, బండి పక్కకు ఆపి, చేతులు చూసుకున్నాను. నాన్న అన్నేళ్ళు తోలినప్పుడు ఊగని బండి నా చేతిలో ఊగుతోందంటే లోపం ఎవరిదో తెలుస్తూనే ఉంది. ఈ సంగతి ఇంట్లో చెబితే తాళంచెవి పోతుంది, పరువూ పోతుంది. అందుకని నాన్నకు తెలియకుండా వైద్యం చేయించాలనుకున్నాను.

మొదట మా బాబాయి దగ్గరికెళ్ళాను. ఆయన టాటానగర్ స్టేషన్లో రైలు పెట్టెల చక్రాలు పరీక్ష చేసే ఉద్యోగి, అందరూ ఆయన్ని సుత్తి బాబాయి అంటారు. సుత్తి తెచ్చి ముందు చక్రం చుట్టూ టింగు టింగుమని కొట్టి, చెవి దగ్గర పెట్టి విన్నారు. "ఏటీ నేదురా, సక్రం పగలనేదు. గూడ్సుకి తగిలించినా బొకారో దాకా పోద్ది," అన్నారు. గూడ్సుకి తగిలించే ఉద్దేశం నాకు లేదని చెప్పలేకపోయాను. తరవాత మా మావయ్య, కంపెనీలో క్రేన్ నడిపేవాడు, బండి చుట్టూ ఒకసారి తిరిగి, "ఎనక లోడు ఎక్కువైతే ముందు తేలిపోద్ది. ఎనకాల ఎవుర్ని కూకోబెడతన్నావు?" అన్నాడు. ఎవరూ లేరంటే నమ్మలేదు. పైగా ఆ పిల్ల వాళ్ళ నాన్నేం చేస్తాడని అడిగాడు. చివరికి టైరు మార్పించాను, గాలి తగ్గించాను, పెంచాను. ఊగడం తగ్గలేదు.

ఇల్లు చేరేసరికి అమ్మ నా మొహం చూసి, బండికి దిష్టి తగిలిందని తేల్చేసింది. నిమ్మకాయా మిరపకాయలూ కట్టి, హ్యాండిలు నడినెత్తిన చెంబుడు పసుపునీళ్ళు పోసి, కుంకుమ అద్దింది. అందులో మాకెవరికీ వింత కనిపించలేదు. ఆ బండికి ఏటా రెండు పూజలు జరిగేవి. ఈ ఊరి పద్ధతి ప్రకారం విశ్వకర్మ పూజ, మన పద్ధతి ప్రకారం దసరాకి ఆయుధ పూజ. ఏ దేవుడికి కోపమొస్తుందోనని రెంటికీ పసుపునీళ్ళు, రెంటికీ కొబ్బరినీళ్ళు, రెంటికీ కుంకుమ అక్కడే పడేవి.

చెంబు పక్కన పెట్టి అమ్మ నెమ్మదిగా అంది. "బండి జాగ్రత్తరా. ఇంక మీ నాన్న దాన్ని ముట్టుకోరు. సేతులు వణుకుతన్నాయట. వంతెన మీద హ్యాండిలు నిలబట్నేకపోతన్నానని నాతో సెప్పారు. నీకు సెప్పొద్దన్నారు."

కుళాయి, ప్లంబరు, పేపరు, ఆటో సుఖం, అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. ఆ చేతులతో మిల్లులు నిలబెట్టిన మనిషి, అవి పాడైపోయాయనుకుని మాకు కనబడకుండా పేపరు వెనక దాచుకుంటున్నారు. ఆ వెంటనే ఇంకొకటి తోచింది. వంతెన మీద వణికినవి నాన్న చేతులైతే, నావెందుకు వణికినట్టు?

అరుగు మీదికెళ్ళి, ఉన్న ధైర్యమంతా కూడగట్టుకుని, "నాన్నా, హ్యాండిల్ బహుత్ హిల్తా హై," అన్నాను. (హ్యాండిలు బాగా ఊగుతోందని. ఇంట్లో వాళ్ళు తెలుగులో అడగడం, నేను హిందీలో జవాబివ్వడం అప్పటి నా ఫ్యాషను.)

నాన్న పేపరు దించారు. "ఎక్కడ?"

"పుల్ పే," అన్నాను వంతెన వైపు చెయ్యి చూపిస్తూ. "స్పీడు పెరిగితే."

"నీకు కూడానా?"

నా కష్టం అంత సంతోషంగా విన్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు. నాన్న చెప్పులు కూడా వేసుకోకుండా దిగి, బండిని నడి స్టాండు మీద నిలబెట్టి, ఇంజను కింద చెక్కముక్క తోసి ముందు చక్రం గాల్లోకి లేపారు. రెండు చేతులూ హ్యాండిలు చివర్ల మీద వేళ్ళతో మాత్రం ఆనించి, కళ్ళు మూసుకుని, ఆ పక్కనుంచి ఈ పక్కకి మెల్లగా తిప్పారు. అమ్మ చెంబు మళ్ళీ చేతిలోకి తీసుకుని వెనకే వచ్చి నిలబడింది. ఆ వేళ్ళు మొదట కొంచెం అదిరాయి. తరవాత అదరలేదు.

"ఇదిగో, ఇక్కడ. సక్కగా వొచ్చినకాడ పట్టుకుంటంది. సూడు, తెలుస్తందా?" అని నా చేతులు తీసి హ్యాండిలు మీద పెట్టారు. నాకేమీ తెలియలేదు. తెలిసిందన్నాను.

"కోన్ సెట్టు పోయిందిరా. సేతులు కాదు," అన్నారు నాన్న. రెండో మాట నాతో అన్నది కాదు.

కోన్ సెట్టంటే హ్యాండిలు తిరగడానికి బండి మెడలో ఉండే గిన్నెలూ ఉక్కు గోళీలూ. నాన్న నట్టు విప్పి పై గిన్నె తీస్తే, అందులో గ్రీజు లేదు, పచ్చగా, ఎర్రగా ఏదో ముద్ద ఉంది. ఎరుపులో తుప్పెంతో కుంకుమెంతో చెప్పడం కష్టం. పసుపు మాత్రం వాసనతో సహా పసుపే. ఏళ్ళ తరబడి రెండు పండగల అభిషేకమూ మూతలోని సందులోంచి దిగి, గ్రీజుని కడిగేసి, గోళీలని తినేసింది. అందరం అమ్మ చేతిలో చెంబు వైపు చూశాం.

"అయితే ఏటి, నా బత్తి వల్లే ఊగిందంటారా?" అంది అమ్మ, మొహం చిన్నబుచ్చుకుని.

"నీ బత్తికి కంపెనీ గ్రీజు కూడా ఆగనేదే," అని నాన్న నవ్వడం మొదలుపెట్టారు. కళ్ళ నీళ్ళు తుడుచుకోడానికి కూడా ఆగలేదు. అందులో నవ్వు వల్ల వచ్చినవి కానివీ కొన్ని ఉన్నాయని నాకు తెలుసు.

కొత్త కోన్ సెట్టు నాన్నే తెచ్చి బిగించారు. ఆ ఊపులోనే కుళాయి కూడా బాగుచేశారు. అమ్మని వెనక కూర్చోబెట్టుకుని అదే వంతెన దాటి, వంకాయలు కొని తిరిగొచ్చి, తాళంచెవి తన జేబులో వేసుకున్నారు. అది నాకిచ్చిన సంగతి ఆయనకు గుర్తు లేదు, నేనూ గుర్తు చెయ్యలేదు. మర్నాడు షేర్ ఆటోలో ముగ్గురి మధ్య ఇరుక్కుని అగ్రికో వెళ్తుంటే, అంత ఇరుకులోనూ ఎందుకో హాయిగా ఉంది. ఆ తరవాత విశ్వకర్మ పూజకి అమ్మ చెంబుతో వస్తే నాన్న హ్యాండిలు మెడకి ప్లాస్టిక్ సంచీ చుట్టి, "ఇప్పుడు పొయ్యి," అన్నారు.

ఇప్పుడు నాకు సొంత బండి ఉంది, నాన్న బండి తోలడం మానేసి చాన్నాళ్ళయింది. మొన్న పొద్దున్న టీ గ్లాసు ఆయన చేతిలో సాసరు మీద టకటకలాడింది. అమ్మా నేనూ ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. నాన్న గ్లాసుని ఎత్తి, అడుగున పరీక్షగా చూసి, "దీని కోన్ సెట్టు పోయినట్టుందిరా," అన్నారు. తాళంచెవి చేతిలో పడితే ఎందుకని అడగకుండా అద్దంలో జుట్టు సర్దుకున్న ఆ కుర్రాడు గుర్తొచ్చాడు. వాడైతే ఆ మాట నమ్మేసి గ్లాసు మార్చి తెచ్చేవాడు. నేను కుర్చీ దగ్గరికి జరుపుకుని, గ్లాసు కింద నా అరచెయ్యి ఆనించి, "అవును నాన్నా, నాకూ తెలుస్తంది," అన్నాను, ఈసారి తెలుగులోనే.