గ్యాస్ బండి, సబ్బునీళ్లు

ఆ రోజు వద్దన్నా వినకుండా గ్యాస్ బండి తోలింది నేను. నింద వేసింది డ్రైవర్ మీద.

మా జనగామ జిన్నింగు మిల్లులో పత్తి బేళ్లను మొదట్లో హమాలీలు కొక్కేలు తగిలించి దొర్లించేవారు. తర్వాత బేళ్లను ఎత్తి మోసే డీజిల్ ఫోర్క్‌లిఫ్ట్ వచ్చింది. దాని పొగకు బేళ్లు మసిబారుతున్నాయని, సీటు వెనక సిలిండర్ పడుకోబెట్టి నడిపే గ్యాస్ బండి తెచ్చారు. భూపాలపల్లిలో అలాంటి బండి నడిపినాయనను డ్రైవర్‌గా పెట్టుకున్నారు. ఆయనది మహబూబాబాద్ దగ్గరి తండా. సిలిండర్ మార్చిన ప్రతిసారీ బిగింపు మీద సబ్బునీళ్లు పోసి, బుడగలు రావడం లేదని చూశాకే బండెక్కేవాడు.

ఆ మధ్యాహ్నం తెలంగాణ కోసం రాస్తారోకో. అంతకుముందే లారీ ఊరు దాటాలి. సూపర్‌వైజర్‌గా ఆ పూచీ నాది. డ్రైవర్ కొత్త సిలిండర్ బిగించి సబ్బునీళ్లకు బయలుదేరాడు.

"దానికి తానం తర్వాత చేపిద్దువుగని! లారీ పోవాలె," అన్నాను.

"జర ఆగు సార్. వాషర్ మీద అనుమానమున్నది. గిది పత్తి గోదాం."

"రాస్తారోకోకు పోనీకె గిట్ల సాగదీస్తున్నవా?"

ఆయన సబ్బునీళ్లకే పోయాడు. నేనే ఎక్కి తోలాను.

మూడో బేలు ఎత్తుతుండగా వెనక సుయ్‌మంది. గుప్పున వాసన. పైపు మీద తెల్లగా మంచు పేరుకుంటోంది. నేను సీట్లోనే వెనక్కి తిరిగి దాన్ని చూస్తున్నాను.

"బండి బంద్ చెయ్ సార్, దిగు! గా చాయ్ పొయ్యి ఆర్పుండ్రి!" డ్రైవర్ అరుస్తూ ఉరికొచ్చి వట్టి చేత్తో వాల్వు తిప్పాడు. గ్యాస్ ఆగింది. ఆ చల్లదనానికి ఆయన అరచెయ్యి కాలినట్టు బొబ్బలెక్కింది.

ఎవరి పని అని యజమాని అడిగాడు. "సిలిండర్ బిగించింది ఈయనే," అన్నాను. తోలింది నేనని చెప్పలేదు.

"రేపటిసంది రాకు," అన్నాడు యజమాని. డ్రైవర్ నా వైపు ఒకసారి చూసి, చేతికి తువాల చుట్టుకొని గేటు దాటాడు.

రోడ్డు మీద నినాదాలు మొదలయ్యాయి. లారీ కదలనేలేదు. ఇక ఉండబట్టలేక, హమాలీల ముందే యజమానికి జరిగిందంతా చెప్పాను.

"అయితే నిన్ను తీసెయ్యాల్నా?"

"తీసెయ్యుండ్రి. ఆయనను మాత్రం తోల్కొస్త."

బస్టాండులో దొరికాడు.

"బస్సులు బందున్నయ్ కాబట్టి దొరికిన సార్," అన్నాడు.

"తప్పు నాదే అన్నా. షేట్‌కు చెప్పిన. నడువు, దవాఖానకు పోదాం."

చెయ్యి మానాక ఆయన మళ్లీ బండెక్కాడు. నన్ను సూపర్‌వైజర్ పని నుంచి దింపి గోదాములో వేశారు. అప్పటి నుంచి ఆయన సిలిండర్ బిగించిన ప్రతిసారీ, సబ్బునీళ్ల డబ్బా పట్టుకొని పక్కన నిలబడింది నేనే.