అన్నం మెతుకులతో అతికించిన పుస్తకం

మా చిన్నప్పుడు... తెప్పలు ఒడ్డుకొచ్చే వేళకి నేను ఇసకలో వంగి ఉండేదాన్ని. మా ఊరు శ్రీకూర్మం దాటాక, సముద్రం పక్కనే. అందరూ చేపలు ఏరుతుంటే నేను వాటి పక్కన పడినవి ఏరేదాన్ని... అలలకి అరిగిన గాజు పెంకు, తెగిన వలతాడు, తెప్ప నుంచి రాలిన రంగు పెచ్చు.

స్కూలు నోటుపుస్తకంలో మిగిలిన కాగితాల మీద వాటిని అన్నం మెతుకులతో అతికించేదాన్ని. పక్కన బొమ్మ వేసి, ఆ రోజు ఏం జరిగిందో రాసేదాన్ని. ఇప్పుడు బొమ్మలు వేసే బతుకుతున్నాను. నేర్చుకున్నది అక్కడే.

ఇంట్లో ఆ పుస్తకాన్ని పట్టించుకున్నది చిన్నాన్న ఒక్కడే. చేపల వేట నుంచి రాగానే లుంగీ మడతలోంచి ఏదో ఒకటి తీసేవాడు.

"ఒలే, సముద్రం ఊడ్సి నీ సెత్త ఒట్టుకొచ్చాను. ఎవుడు తెచ్చాడో కూడా రాయి."

రాసేదాన్ని.

ఒక వానాకాలం చిన్నాన్న తెప్ప బోల్తా పడింది. ఆయన దొరకలేదు... తెప్ప చెక్కలు మాత్రం ఒడ్డుకి కొట్టుకొచ్చాయి. అందులోంచి ఒక నీలం రంగు చెక్క పేడు తెచ్చి అతికించుకున్నాను.

మనిషిని మింగిన తెప్పది పుల్ల కూడా మావాళ్లు ఇంటికి తేరు. తెస్తే వల ఖాళీగా వస్తుందని భయం. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు.

తర్వాత నాన్న వల నిజంగానే ఖాళీగా వచ్చింది... రోజుల తరబడి. మామ్మ ఇల్లంతా వెతికి పుస్తకం బయటికి తీసింది.

"సచ్చినోడి తెప్ప ఇంట్లో ఎట్టుకుంటే సేప ఎలాగ పడతాదిరా?"

నేను నాన్న చెయ్యి పట్టుకున్నాను. "నాన్నా, ఆ ఒక్క ముక్కా తీసెయ్. మిగతావి ఉంచు..."

"ఏటి ఉంచీది? అన్నీ ఆడు తెచ్చినవే కదేటి" అన్నాడు. నా మొహం చూడలేదు. పుస్తకం తీసుకుని వేటకెళ్లి, సముద్రంలో వేసేశాడు.

ఆ రోజు వల నిండింది.

మామ్మ మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఎత్తాల్సిన పనీ లేదు. సాయంత్రం ఆ వలలో పడ్డ కవ్వళ్ల చేపలతో పులుసు వండారు. ఆకలి మీద ఉన్నాను... తిన్నాను.

ఇప్పుడు మా ఒడ్డున చెక్క తెప్పలు లేవు. అన్నీ ఫైబర్ పడవలే. పట్నంలో గవ్వలూ ఎండుపూలూ ప్యాకెట్లలో అమ్ముతున్నారు, పుస్తకాల్లో అతికించుకోడానికి. చిన్నాన్న సెల్లు ఆయనతోనే పోయింది. ఆధార్ కార్డు మీది ఫొటో తప్ప ఆయనది మా ఇంట్లో ఏదీ మిగల్లేదు.

మీలో ఎవరి దగ్గరైనా అలాంటి చిన్ననాటి పుస్తకం ఇంకా ఉంటే, అందులో ఏముందో రాయండి... ఎక్కడ దాచారో మాత్రం చెప్పకండి.